మెట్టు మీది వియ్యంకుడు, సీసాలో అవకాడో

చిన్నీ, నువ్వు పంపిన ఫోటో చూశాను. పుణెలో మీ వంటింటి కిటికీ పక్కన గాజు గ్లాసు, గ్లాసులో నీళ్లు, నీళ్లలో సగం మునిగిన అవకాడో గింజ, దాని చుట్టూ గుచ్చిన పళ్లపుల్లలు. పాపం, ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కిస్తున్న పేషెంటులా ఉంది. "అమ్మమ్మా, దీన్ని ఇంట్లోనే పెంచాలా, బయట పెట్టాలా?" అని అడిగావు. మీ తమ్ముడేమో అది మొలిస్తే గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నాడట. వాడికి చెప్పు, దేవుడికి గింజలతో బేరాలు నచ్చవు.

నీ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి పోయిన కార్తీకంలో పోయాడు. ఉన్నా సరైన జవాబు చెప్పేవాడు కాదనుకో. తప్పు జవాబే చెప్పేవాడు, కాకపోతే వీధి చివరి దాకా వినపడేలా చెప్పేవాడు.

మీ అత్తమ్మ నాన్న. మీ మామయ్యకు పిల్లనిచ్చిన మామ. నాకు వియ్యంకుడు. మీరు చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు చూసే ఉంటారు. తెల్ల టోపీ, తెల్ల ధోవతి, మీసాలతో మీ బుగ్గలు గుచ్చి ఏడిపించి, ఏడుస్తుంటే నవ్వినాయన. ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉండే ఊరు. పత్తి, కంది, జొన్న పండించేవాడు. వాళ్ల మాటల్లో మరాఠీ కలిసిపోయి ఉంటుంది. ఈయన ఆ భాషంతా వదిలేసి ఒక్క మాట పట్టుకున్నాడు. కశాలా. ఎందుకూ అని అర్థం. కుర్చీ వేస్తే కశాలా, ఫ్యాను వేస్తే కశాలా, కొత్త చెప్పులు కొనిస్తే కశాలా. దేవుడు ఎదురొచ్చి వరం కోరుకోమన్నా అదే అనేవాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. నిజం చెప్పేటప్పుడు చేతులు ఎక్కడున్నవి అక్కడే ఉండేవి. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం టోపీ సర్దుకునేవాడు. ఈ సంగతి ఆయనకు తెలియదు. ఆయన బిడ్డకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ మాత్రం ఆధారం కూడా పోతుంది కదా.

ఆచారాలంటే ఆయనకు నవ్వులాట. పిల్లి ఎదురొచ్చిందని ఎవరైనా ఆగితే, పిల్లికి దాని పని ఉండదా, మీ కోసమే బయల్దేరిందా అనేవాడు. ముహూర్తం మాటెత్తితే, వాళ్ల ఊరి పంతులు అన్నీ చూసుకుని దివ్యమైన లగ్నంలో పెళ్లి చేసుకున్నాడు, ఆయన పెళ్లాం రోజూ ముహూర్తం చూడకుండానే తిడుతుంది అనేవాడు. మంగళవారం ప్రయాణం చేసేవాడు, అమావాస్య నాడు గడ్డం గీసుకునేవాడు. అన్నీ వదిలేసినవాడు ఒక్కదాన్ని మాత్రం పట్టుకున్నాడు. బిడ్డకు పిల్లలు పుట్టేదాకా తండ్రి ఆమె అత్తగారింట్లో నీళ్లు ముట్టకూడదు.

అది వాళ్ల దిక్కు పాత ఆచారం. బిడ్డనిచ్చిన ఇంటి నుంచి ఏదీ తీసుకోకూడదు, ఇవ్వడమే గానీ. మనవడో మనవరాలో పుట్టాక ఒక పూట భోజనం పెడితే ఆ నియమం తీరిపోతుంది. మామూలుగా ఏడాది రెండేళ్ల ముచ్చట. ఈయన దానికి ఇంకొంచెం ఉప్పూ కారం కలిపాడు. నీళ్లు ముట్టనప్పుడు లోపలికి రావడం కూడా ఎందుకని గడప దాటేవాడే కాదు.

కాబట్టి మా ఇంట్లో ఆయన స్థానం బయటి మెట్టు. మన కరీంనగర్‌లో గ్రానైట్‌కు కొదవేముంది, మీ తాత ఇల్లు కట్టించేటప్పుడు ముఖం చూసుకునేంత నున్నటి రాయి వేయించారు. ఎండాకాలం ఆ మెట్టు మీద అప్పడం కాలుతుంది. మా వియ్యంకుడు తువ్వాల నాలుగు మడతలు వేసి దాని మీద కూర్చునేవాడు. సంచిలోంచి తన నీళ్ల డబ్బా తీసి ఒక పక్కన, జొన్నరొట్టెల మూట ఇంకో పక్కన పెట్టుకునేవాడు. ఆయన బయట, మేము లోపల. ఏం మాట్లాడుకోవాలన్నా అరుచుకోవాలి. నా మోకాళ్ల నొప్పి, మీ మామయ్య ప్రమోషను, మా కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి, అన్నీ ఆయన గొంతు మీదుగా కాలనీకి చేరేవి. నేను నెమ్మదిగా మాట్లాడే మనిషిని. ఆయన "ఆఁ? ఏమంటున్నవు చెల్లె?" అని అడిగితే, నా బదులు ఎదురింటి ఇస్త్రీ ఆయన జవాబు చెప్పేవాడు.

వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. మీ అత్తమ్మ స్టీలు చెంబులో నీళ్లు తెచ్చేది. ఆయన తన డబ్బా ఎత్తి చూపించి "కశాలా?" అనేవాడు. ఇస్త్రీ ఆయన పెట్టె ఆపి, ఇంకా ముట్టలేదా అన్నా అని అడిగేవాడు. ఎట్లా ముడతాను, మనవడు రావాలి కదా అని మా వియ్యంకుడు ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. ఆయన దృష్టిలో అది గౌరవం. బిడ్డ చెంబు పట్టుకుని వెనక్కి తిరిగేది.

ఆ వెనక్కి తిరిగిన నీళ్లే అవకాడోకు పోయాయి. అక్కడికే వస్తున్నాను.

మీ అమ్మ ఫోన్లో నా కొలెస్ట్రాల్ గురించి భయపెడితే మీ మామయ్య ఆ పండు తెచ్చాడు. కోసుకుని తలా ఒక ముక్క తిన్నాం. ఎవరికీ నచ్చలేదు, ఎవరూ బయటపడలేదు. మెట్టు మీద ఉన్న వియ్యంకుడికి ముక్క చూపిస్తే, వాసన చూసి, సబ్బు కదా ఇది అన్నాడు. మీ అత్తమ్మ మాత్రం గింజ పారేయలేదు. స్కూల్లో లెక్కల టీచరు కదా, ఏ పనైనా మెట్ల ప్రకారం చేస్తుంది. గింజ కడిగి, చీపురుపుల్లలు గుచ్చి, ఖాళీ మామిడికాయ తొక్కు సీసా మూతి మీద కూర్చోబెట్టింది. బల్లపరుపుగా ఉన్న వైపు కిందికి, మొన వైపు పైకి. నీళ్లు సగం దాకా. నువ్వు చేసింది కూడా అదే కానీ నీ గింజ తలకిందులుగా ఉన్నట్టు అనుమానంగా ఉంది. ఒకసారి చూసుకో.

ఆ సీసా వంటింటి కిటికీలో ఉండేది. ఎన్ని వారాలు చూసినా అది కదల్లేదు. మేము మర్చిపోయాక నిలువునా పగిలింది. లోపల నుంచి ఎలుక తోకలాంటి వేరు ఒకటి, ఆ తర్వాత తీరిగ్గా ఎర్రటి మొలక. మా వియ్యంకుడు వచ్చినప్పుడల్లా బయటి నుంచి కిటికీ ఊచలకు ముక్కు ఆనించి దాన్ని చూసేవాడు. చూసి నా మీద పడేవాడు.

"చెట్టును ఇంట్ల పెట్టి సాదుతరా చెల్లె? అదేమన్న కోడిపిల్లనా?"

"బయట నలభై అయిదు డిగ్రీల ఎండ అన్నా. కోతులొకటి."

"ఎండ తినకుంటే అది చెట్టెట్లయితది? మనిషైతది."

ఇది ఆయన సిద్ధాంతం. లోపల పెరిగేవి మనుషులు, బయట పెరిగేవి చెట్లు. నాది వేరే లెక్క. ఏదైనా పసిదిగా ఉన్నప్పుడు లోపలే ఉండాలి, కాండం గట్టిపడ్డాక బయటికి పోవాలి. ఇద్దరం ఈ విషయం మీద ఎంత వాదించుకున్నామంటే, ఇస్త్రీ ఆయన కూడా పక్షాలు మార్చి మార్చి అలసిపోయాడు.

మొక్క జానెడు అయ్యాక కుండీలోకి మార్చాలి. మట్టి నేను తెస్తా అన్నాడు వియ్యంకుడు. ఇవ్వడానికి ఆచారం అడ్డు రాదు కదా. రెండు బస్సులు మారి, సిమెంటు సంచి నిండా వాళ్ల చేనులోని నల్లరేగడి మోసుకొచ్చాడు. బంగారం, బంగారం అన్నాడు. పత్తికి బంగారమే. అవకాడో ఆ బంగారంలో పది రోజులు కూడా నిలబడలేదు. నల్లమట్టి నీళ్లు పట్టుకుంటే వదలదు, ఈ మొక్క వేళ్లకేమో నీళ్లు నిలవకూడదు. ఆకులు తడిసిన కాకి రెక్కల్లా వాలిపోయాయి. మీ అత్తమ్మ కుండీ బోర్లించి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, అడుగున పెంకు ముక్కలు వేసి, ఎర్రమట్టి, ఇసుక, ఎండుటాకుల ఎరువు కలిపి మళ్లీ నాటింది. ఆయన మెట్టు మీద కూర్చుని అంతా చూసి, నేను మొదటి నుంచి ఇసుక కలపమనే చెప్తున్నాను అన్నాడు. టోపీ సర్దుకున్నాడు.

మొక్క బతికింది. రోజూ పొద్దున మీ అత్తమ్మ స్కూలుకు పోయే ముందు కుండీని ఎత్తి మెట్టు మీద పెట్టేది. లేత ఎండ కాసేపు తిన్నాక నేను లోపలికి జరిపేదాన్ని. ఆ కుండీ రోజుకు రెండుసార్లు గడప దాటేది. మా వియ్యంకుడు దాన్ని కొంచెం ఈర్ష్యగా చూసేవాడని నా అనుమానం.

మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. ఆ నీళ్లు పోస్తే ఆకుల కొసలు కాలినట్టు గోధుమరంగు తిరిగేవి. ఆయన వచ్చిన రోజుల్లో మాత్రం మీ అత్తమ్మ తిప్పి తెచ్చిన చెంబులోని మంచినీళ్లు దానికి పోసేది. ఆయన పంట కోతలకు పోయి చాలాకాలం రాకపోతే ఆకులు ఎండేవి, ఆయన వస్తే పచ్చబడేవి. మా ఇంట్లో ఆయన రాకను క్యాలెండర్ లేకుండా మొక్కను చూసి చెప్పొచ్చు.

ఒక రోజు మాత్రం ఆయన పంతం నెగ్గించుకున్నాడు. నేను కాపలా ఉంటాను, ఈ పూటంతా బయట ఉంచండి అన్నాడు. సరే అన్నాం. కాపలాదారు గోడకు ఆనుకుని గురక పెట్టాడు. కోతి వచ్చింది. మొక్క చిగురు తుంపి నమిలి, నచ్చక ఆయన ఒడిలో ఉమ్మేసింది. అవకాడో విషయంలో కోతులది, మాది ఒకటే రుచి. తర్వాత జొన్నరొట్టెల మూట ఎత్తుకుపోయి ప్రహరీ మీద కూర్చుని, ఒక్కొక్క రొట్టే చించి తింది. మా వియ్యంకుడు కర్ర పట్టుకుని కింద నిలబడి దాని వంశాన్ని తిట్టాడు.

మధ్యాహ్నమైంది. లోపల అన్నం, పప్పు, వేడి వేడిగా ఉన్నాయి. తినమని బతిమాలాను. తినలేదు. హోటల్‌కైనా పొమ్మన్నాను. బిడ్డ ఇంటి ముందు నుంచి లేచి హోటల్‌కు పోతే బిడ్డకు చెడ్డపేరు అన్నాడు. సాయంత్రం బస్సుదాకా డబ్బాలో నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. మీ అత్తమ్మ స్కూలు నుంచి వచ్చి సంగతి తెలుసుకుంది. ఆమె కూడా ఆ రాత్రి తినలేదు. మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తూ నాతో చెప్పింది.

"అత్తమ్మా, మా బాపు ఒక్కసారి నా చేతి నీళ్లు తాగితే సాలు. ఇంకేం వద్దు నాకు."

మీరిప్పుడు పెద్దవాళ్లయ్యారు కాబట్టి చెబుతున్నాను. అప్పటికే మీ మామయ్య, అత్తమ్మ తిరగాల్సిన డాక్టర్ల దగ్గరికి తిరిగారు, చేయించుకోవాల్సినవి చేయించుకున్నారు. ఒక రోజు ఇద్దరూ కూర్చుని ఇక చాలు అనుకున్నారు. మా ఇంట్లో దాని గురించి ఎవరం మాట్లాడం. మాట్లాడాల్సింది కూడా ఏమీ లేదు, ఇద్దరూ హాయిగా ఉన్నారు, ఆదివారాలు సినిమాకు పోతారు. కానీ ఈ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. తండ్రికి అలాంటివి ఎలా చెబుతారు? అందుకని ఆయన మెట్టు మీదే కూర్చున్నాడు. ఆయన నీళ్లు వద్దన్న ప్రతిసారీ, ఈ ఇంట్లో పిల్లలు పుట్టలేదు అని వీధికి మైకు పెట్టి చెప్పినట్టే. బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, ఎంత పెద్ద గొంతో అంత పెద్ద అమాయకుడు.

కోతి తుంపిన చోట రెండు కొమ్మలు వేసింది మొక్క. తుంపితేనే గుబురుగా పెరుగుతుందట. నేనే కోతితో తుంపించాను అన్నాడు వియ్యంకుడు. ఈసారి టోపీని రెండు చేతులతో సర్దుకున్నాడు.

అది పెరిగి పెరిగి ముందు గదిలో ఫ్యాను రెక్కలకు తగలడం మొదలెట్టింది. స్విచ్ వేస్తే ఆకులు తురిమినట్టు రాలేవి. ఇక నా వాదం చెల్లలేదు. తొలకరి పడ్డాక మెట్టు పక్కన, ప్రహరీకి ఈవలి జాగాలో, మట్టి దిబ్బలా పోసి నేలలో నాటాం. మొదటి ఎండాకాలం దాటేదాకా పచ్చ వల కట్టాం. మా వియ్యంకుడు గెలిచినవాడిలా ఊరంతటికీ వినపడేలా, ఎంత చదువుకున్న చెట్టయినా చివరికి బయటికి రావాల్సిందే అన్నాడు. నాలుగేళ్లలో దాని నీడ మెట్టు మీదికి వచ్చింది. తువ్వాల మడతలు రెండుకు తగ్గాయి. పూత మాత్రం లేదు. గింజతో పెంచినది ఎన్నేళ్లకు కాస్తుందో, అసలు కాస్తుందో లేదో చెప్పలేమని నర్సరీ ఆయన ముందే చెప్పాడు.

ఆ సంవత్సరం సూర్యగ్రహణం వచ్చింది. మీ తాత అక్క, చొప్పదండి పెద్దవ్వ, మోకాలు చూపించుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. పెద్దవ్వ మనసులో విషం లేదు. నోట్లో బ్రేకూ లేదు. పొద్దున్నే పొయ్యి ఆర్పించింది, వండినవన్నీ పారబోయించింది, నీళ్ల బిందెల మీద, తొక్కు జాడీల మీద గరిక వేయించింది. గ్రహణం నాడు ఎవరూ ప్రయాణం చేయరు కాబట్టి బస్సు ఖాళీగా ఉంటుందని, మా వియ్యంకుడు సరిగ్గా ఆ రోజే దిగాడు. వెనక సీటు మీద కాళ్లు చాపుకుని పడుకుని వచ్చాడట. తలుపు సందులోంచి గరిక చూసి పెద్దవ్వను పలకరించాడు.

"ఏందక్కా, గ్రహణం వచ్చి నీ మామిడికాయ తొక్కు నాకుతదా?"

పెద్దవ్వ ఆయన్ని పట్టించుకోలేదు. ఆమె చూపు చెట్టు మీద ఉంది. ఇన్నేళ్లయినా కాయలేదా అని అడిగింది. లేదన్నాను. మీకు తెలుసో లేదో, కాయని చెట్టును గ్రహణం పట్టినప్పుడు రోకలితో కొడతారు. ఒకరు కొట్టి కాస్తావా కాయవా అని అడగాలి, ఇంకొకరు చెట్టు చాటున నిలబడి దాని తరఫున కాస్తాను అని చెప్పాలి. చొప్పదండిలో వాళ్ల పెరటి పనస అట్లాగే కాసిందని పెద్దవ్వ సాక్ష్యం కూడా చెప్పింది. చెబుతూనే వంటింట్లోకి పోయి రోకలి తెచ్చి మీ అత్తమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వే కొట్టు బిడ్డా. దాని దోషం పోతది, నీ దోషం పోతది."

గ్రహణం పట్టి వెలుతురు పలచబడింది. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టేశాడు. ఆకుల సందుల్లోంచి మెట్టు మీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకల్లా వంగిపోయాయి. మా వియ్యంకుడి ధోవతి నిండా చిన్న చిన్న నెలవంకలు. ఆయన తల వంచి వాటినే చూస్తున్నాడు.

మీ అత్తమ్మ రోకలి ఎత్తింది. పెద్దల మాట కాదనే పిల్ల కాదు. ఎత్తింది గానీ అడగాల్సిన మాట నోట్లోంచి రాలేదు. చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. పెద్దవ్వ అడుగు, అడుగు అంటోంది.

మా వియ్యంకుడు మోకాలి మీది టోపీ తీసి తలకు పెట్టుకుని లేచాడు.

"ఇటియ్యి బిడ్డా."

రోకలి తీసుకున్నాడు. మగవాడు గట్టిగా కొడతాడని పెద్దవ్వ సంతోషించింది. ఆయన చెట్టును కింది నుంచి పై దాకా ఒకసారి చూశాడు. చెప్పులు విడిచాడు. రోకలి భుజాన వేసుకుని గడప దాటి లోపలికి వెళ్లాడు. ఎడమకాలే ముందు పెట్టాడు, నేను చూశాను.

లోపలికి పోయినవాడు ముందు గది మధ్యలో ఆగిపోయాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా బిడ్డ ఇల్లు లోపల ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. వంటిల్లు అనుకుని ఒక తలుపు తీశాడు. అది బాత్రూం. మూసి ఇంకోటి తీశాడు. అది నా గది. "గీ రోకలి యాడ పెట్టాలె?" అన్నాడు, ఎవరినీ చూడకుండా. మీ అత్తమ్మ వెనకాలే వెళ్లి చేతిలోంచి తీసుకుని మూలన పెట్టింది.

ఆయన వంటింట్లో నేల మీద కూర్చున్నాడు.

"ఆకలైతుంది బిడ్డా. ఏమన్న పెట్టు."

గ్రహణం విడవకుండా ఎలా తింటావని పెద్దవ్వ గడప బయటి నుంచి మొత్తుకుంది. పట్టింది సూర్యుడికి, నాకు కాదు అన్నాడు. మీ అత్తమ్మ కదల్లేదు. ఆమె ముఖం చూస్తే నవ్వుతుందో ఏడుస్తుందో చెప్పలేం.

"బాపు, మనుమడు పుట్టేదాక..." అంది.

"కశాలా?" అన్నాడు ఆయన.

చేతులు రెండూ ఒడిలో ఉన్నాయి. టోపీ జోలికి పోలేదు.

పెట్టడానికి ఇంట్లో ఏముంది, పెద్దవ్వ అన్నీ పారబోయించింది కదా. బుట్టలో కోయని అవకాడో ఒకటి ఉంది, నా కొలెస్ట్రాల్ తాలూకు. దాన్నే కోసి, ఉప్పు, కారం చల్లి పళ్లెంలో పెట్టింది. ఆయన ఒక ముక్క తిని, సబ్బులాగే ఉంది అన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. ఇది బట్టల సబ్బు కాదు, ఒంటి సబ్బు అన్నాడు. పళ్లెం ఖాళీ చేశాడు. అప్పుడు మీ అత్తమ్మ చెంబు తెచ్చింది. ఎత్తి పోసుకుని తాగుతుంటే సగం మీసాల మీద నుంచి, అంగీ మీద నుంచి కారాయి. ఇంకో చెంబు అడిగాడు. అది కూడా తాగాడు.

ఆ రోజు చెట్టుకు నీళ్లు మిగల్లేదు.

పోయేటప్పుడు పళ్లెంలోని గింజ ధోవతితో తుడిచి, కొంగున ముడి వేసుకున్నాడు. బిడ్డ ఇంటి నుంచి మొదటిసారి ఒకటి తీసుకుపోతున్నాను అన్నాడు. చేను నడిమధ్యన నాటి, చెట్టు బయట ఎలా పెరుగుతుందో మా చెల్లెకు చూపిస్తా అన్నాడు.

ఇదంతా విని ఆయన దేవుడైపోయాడని అనుకోకండి. లోపలికి రావడం మొదలుపెట్టాక మా ప్రాణం తీశాడు. టీవీ రిమోటు ఆయన చేతిలోనే. నా చారులో పులుపు తక్కువ, మీ మామయ్య నడకలో చురుకు తక్కువ. మధ్యాహ్నం నా మంచం మీద పడుకుని గురక. ఆ గురకకు గోడలున్నాయని తెలియదు, మెట్టు మీద పెట్టినట్టే పెట్టేవాడు. ఎన్నోసార్లు నాకు ఆ ఆచారం మంచిదే అనిపించింది. చెంబు నీళ్లు మాత్రం రాగానే అడిగి తాగేవాడు, దాహం ఉన్నా లేకపోయినా.

ఆయన అవకాడో ఎలా ఉందని అడిగితే మంచి హుషారుగా ఉంది అనేవాడు. చేనులో ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది, చలికి వణుకుతుంది, అట్లా పెరగాలి చెట్టు అనేవాడు. టోపీ సర్దుకునేవాడు. చచ్చిపోయి ఉంటుందిలే అని నేను ఎక్కువ అడగలేదు. వాళ్ల దిక్కు చలి మీకు తెలియదు, పొద్దున లేస్తే నీళ్లు ముట్టుకోలేం.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పడుకున్నాడు. లేవలేదు. ఎవరినీ కష్టపెట్టలేదు. పెట్టాల్సినవన్నీ ఉన్నప్పుడే పెట్టాడు కదా.

మేము చేరేసరికి ఇల్లంతా జనం. మీ అత్తమ్మ నన్ను పట్టుకుని లోపలి గదిలోకి నడిపించింది. ఆయన మంచం, మంచం పక్కన కిటికీ. కిటికీ దగ్గర పెద్ద పెయింటు డబ్బాలో నిలువెత్తు అవకాడో. వెలుతురు కోసం కిటికీ వైపు వంగిపోయి, సన్నగా, పొడుగ్గా, ఆకుల కొసలు ఎండి. డబ్బాకు ఆయన గొంగడి చుట్టి, తాడుతో కట్టి ఉంది. ఆయన కప్పుకునే గొంగడి.

నేను దాన్నే చూస్తూ నిలబడితే పక్కింటావిడ దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది.

"చేన్ల పెడితే చలికి సచ్చేటట్టయింది, ఇంట్ల తెచ్చుకున్నడు. ఎవ్వలకు చెప్పకుండ్రి, కరీంనగర్ చెల్లెకు తెలిస్తె నవ్వుతది అన్నడు."

నవ్వొచ్చింది చిన్నీ. ఆపుకుందామంటే ఆగలేదు. చావింట్లో పదిమంది మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాను. అందరూ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు, ఎవరో నీళ్లు తెచ్చారు. మీ అత్తమ్మ ఒక్కతే నా ముఖం చూసింది. చూసి, తను కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

కర్మలన్నీ అయ్యాక ఆ ఇంటి నుంచి మీ అత్తమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ డబ్బాను బస్సులో మీ మామయ్య సగం దూరం, తను సగం దూరం ఒడిలో పెట్టుకుని తెచ్చారు. ఇప్పుడు అది మా ముందు గదిలో, గొంగడితో సహా ఉంది. బయట మెట్టు పక్కన ఉన్న పెద్ద చెట్టు ఇంకా కాయలేదు. పెద్దవ్వ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. దానికి నీళ్లు మాత్రం చెంబుతోనే పోస్తుంది మీ అత్తమ్మ.

నీ గింజ సంగతి. మొలిచేదాకా కిటికీలో ఉంచు, నీళ్లు మారుస్తూ ఉండు, మొన పైకి ఉందో లేదో చూడు. మొలిచాక పొద్దుటి ఎండకు బయట పెట్టి, ఎండ ముదిరేలోపు లోపలికి తెచ్చుకో. చలికాలం లోపలే ఉంచు. చలేస్తే ఏదైనా చుట్టు.

ఎవరైనా అడిగితే మాత్రం చేనులో ఉందని చెప్పు.